మాస్టారి నోటికన్నా ముందు నడిచిన చేతులు

సగటు మాస్టారి క్లాసులో ఒకరోజు పట్టపగలు మనిషి మేకైపోయాడని ఒక పుకారు ఉంది. బస్‌స్టాపులో గడ్డం నిమురుకుంటూ నిలబడ్డ మనిషి, నలుగురూ చూస్తుండగానే, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కొమ్ములు మొలిచి మేకైపోయాడట. చూసినవాళ్ళు నలభై మందని కొందరంటారు, నాలుగు వందల మందని ఇంకొందరంటారు. ఆ గదిలో నాలుగు వందల మందిని పట్టించాలంటే గోనెసంచుల్లా ఒకరి మీద ఒకరిని పేర్చాలి. అయినా పుకారుకి బెంచీల లెక్కతో పనేముంది? అది నిజమని ఒప్పుకున్నవాళ్ళు లేరు, అబద్ధమని తేల్చినవాళ్ళూ లేరు. ఆ మేకను చేసింది మాత్రం చేతులక్కే అని అందరి నోటా ఒకటే మాట.

చేతులక్క మంత్రగత్తె ఏమీ కాదు. వినపడని పిల్లలకు క్లాసులో పాఠాన్ని సైగల్లోకి మార్చి చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆ విద్య ఆవిడ ఏ బడిలోనూ నేర్చుకోలేదు. అమ్మకు పుట్టుకతోనే వినపడదు. ఆ ఇంట్లో మాటలన్నీ చేతులతోనే. కూతురు పుట్టగానే నోరు తెరిచి ఏడవకుండా, రెండు చేతులూ ఊపి పాలడిగిందని వాళ్ళ పిన్ని ఇప్పటికీ చెబుతుంది. పిన్ని చెప్పినదాంట్లో నూటికి తొంభై తీసేసినా వినేవాళ్ళకు కడుపు నిండా మిగులుతుంది.

అమ్మ బట్టలు కుడుతుంది. ఇంటి ముందు గదే దుకాణం. గిరాకీకి వచ్చినవాళ్ళకు సైగలు రావు, అమ్మకు వాళ్ళ మాట వినపడదు. మధ్యలో మిషను పక్కన స్టూలు మీద నిలబెట్టిన చిన్నపిల్లే దుబాసీ. "మీ అమ్మకు కాలరు కుట్టడం రాదు, గాడిదకు నేర్పితే నయం" అని ఒకాయన అరిస్తే, ఆ పిల్ల అమ్మకు చెప్పింది ఇది: "కాలరు కాస్త వదులు చేయమంటున్నాడు, కుట్టు మాత్రం బాగుందంటున్నాడు." అమ్మ కత్తెర చూపించి "ఆ మెడకు ఏ కాలరూ పట్టదు, మెడనే కాస్త కత్తిరించాలి" అంటే, ఆ పిల్ల ఆయనకు చెప్పింది ఇది: "సాయంత్రానికల్లా సరిచేసి ఇస్తానంటోంది, మీది మంచి ఒడ్డూ పొడుగూ అంటోంది." అటు నిప్పు, ఇటూ నిప్పే. మధ్యలో ఈ పిల్ల ఉన్నంతకాలం ఆ దుకాణంలో ఒక్క తగవు పుట్టలేదు. అమ్మ కుట్టు సగమైతే కూతురు కలిపిన తీపి సగం, అలా నడిచింది ఆ బేరం.

అలాంటి మనిషిని కాలేజీలో సదుపాయాల మేడం ఉద్యోగంలోకి తీసుకుంది. ఈ మేడం పని, ఒంట్లో ఏ లోపం ఉన్న పిల్లలైనా మిగతావాళ్ళతో సమానంగా చదువుకునేలా చూడటం. చక్రాల కుర్చీ పిల్లాడికి మెట్ల పక్కన వాలుదారి వేయించింది. చూపు తక్కువున్న అమ్మాయికి ప్రశ్నాపత్రం పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించింది. చేయి వణికే కుర్రాడికి పరీక్షలో ఎక్కువ టైమిప్పించింది. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు గానీ, పని ఆగిపోగా చూసినవాళ్ళూ లేరు. చేతులక్కను కూర్చోబెట్టి ఒకే ఒక్క షరతు చెప్పింది.

"క్లాసులో అన్న మాట ఒక్కటి వదలకూడదు. అనని మాట ఒక్కటి కలపకూడదు. నీకు అప్పగించే పిల్ల మనకు చెప్పేదైనా అంతే. సరేనా?"

చేతులక్క సరేనన్నట్టు తలూపింది. ఆ మనిషిని మాట కలపొద్దనడం అంటే చేపను ఈత కొట్టొద్దనడమే. మేడంకు ఆ సంగతి తెలియదు.

ఆవిడకు అప్పగించింది ముందు బెంచీ పిల్లని. ఆ పిల్లకు వినపడదు గానీ, కళ్ళు మాత్రం సూదులు. సైగల్లో ఆ పిల్ల వేసే చురకలకు ఎదుటివాళ్ళు చేతులు జేబులో పెట్టేసుకోవాల్సిందే. అంతటి పిల్లకూ ఒక గండం ఉంది. స్టాటిస్టిక్స్ పేపరు ఒకసారి తప్పింది. అప్పుడు సైగల మనిషి లేదు, మాస్టారు బోర్డు వైపు తిరిగి ఏం చెప్పాడో ఆ దేవుడికి కూడా తెలియదు. ఇంకోసారి తప్పితే ఆ కోర్సు వదిలి ఇంటికి పోవాల్సిందే. ఆ పిల్ల మొదటిరోజే చేతులక్కతో సైగ చేసి చెప్పింది. "అక్కా, నువ్వు నాకు పాఠం చెప్పడం కాదు, నన్ను ఈ కాలేజీలో ఉంచడం నీ పని."

ఆ పేపరు చెప్పేది సగటు మాస్టారు. సగటు లెక్కలు చెబుతాడని ఆ పేరొచ్చింది. ఎత్తు సగటు, లావు సగటు, చొక్కా రంగు కూడా అటూ ఇటూ కాని సగటు రంగే. ముప్పై ఏళ్ళుగా బోర్డు వైపు తిరిగే పాఠం చెప్పాడు. పిల్లలకు ఆయన మొహం పెద్దగా గుర్తుండదు గానీ వీపు మాత్రం చీకట్లో కూడా గుర్తుపడతారు. ఆయన నోరు తెరిస్తే కిటికీ మీద వాలిన కాకులు కూడా నిద్రకు తూగి కింద పడేవట. సదుపాయాల మేడం వచ్చి, "ఆ అమ్మాయి పెదాలు చూసి కూడా కొంత అర్థం చేసుకుంటుంది. మీరు క్లాసు వైపు తిరగాలి, ఆ మీసం కాస్త తగ్గించాలి" అంది. ఆయన మీసం పాత ఇంటి చూరులా పై పెదవిని పూర్తిగా కప్పేసి ఉండేది. ఆయన ఎదురు చెప్పలేదు, సాయంత్రమే కత్తిరించుకున్నాడు. ఇంటికెళ్తే భార్య తలుపు ఓరగా తెరిచి, "ఆయన ఇంకా కాలేజీ నుంచి రాలేదండీ" అని మూసేసిందట.

అలా మీసం తగ్గింది, మొహం ఇటు తిరిగింది, చేతులక్క ఆయన పక్కన నిలబడింది. ఆయన నోరు ముందు నడవాలి, ఒక్క అడుగు వెనకాల ఈవిడ చేతులు నడవాలి. అదీ పద్ధతి.

అన్నీ ఉన్నాయి గానీ పాఠంలోనే ఉప్పు లేదు. మిగతా పిల్లలు కళ్ళు మూసుకున్నా చెవుల్లోకి నాలుగు మాటలు జారిపడతాయి. ముందు బెంచీ పిల్లకు ఆ వసతి లేదు. ఆ పిల్ల రెప్ప వాలిస్తే పాఠం అంతటితో సరి. చేతులక్క మొదటి వారం నిప్పులాంటి నిజాయితీతో మాస్టారు అన్నది అన్నట్టే చెప్పింది. ఆ పిల్ల రెప్పలు గంట కొట్టకముందే షట్టర్లలా దిగిపోయేవి.

ఒకరోజు క్లాసయ్యాక ఆ పిల్ల సైగ చేసింది. "నీ తప్పు కాదక్కా. ఆయన పాఠం చెబుతుంటే నీ చేతులు కూడా ఆవలిస్తున్నాయి."

చేతులక్కకు ఆ మాట ములుకులా గుచ్చుకుంది. తన చేతుల్ని ఇంతవరకూ ఎవరూ అంత మాట అనలేదు.

మర్నాడు మాస్టారు సగటు ఎలా మోసం చేస్తుందో చెబుతున్నాడు. పుస్తకంలో ఉన్నట్టే, "ఒక్క పెద్ద విలువ మొత్తం సగటును తనవైపు లాగగలదు" అన్నాడు. చేతులక్క అంతవరకు సరిగ్గానే చెప్పింది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఆవిడ చేతులు ఆగలేదు. "మా వీధిలో ఆడవాళ్ళందరూ రోజుకు తలో అబద్ధం ఆడతారు. మా పిన్ని ఒక్కతే వంద ఆడుతుంది. మొత్తం కలిపి తలా పంచితే వీధి వీధంతా అబద్ధాలకోరులే. పాపం పిన్నిది, పంపకం అందరికీ." పిన్ని నడక, పిన్ని మూతి విరుపు, పిన్ని కళ్ళు పెద్దవి చేసి ఒట్టు వేయడం, అన్నీ ఆ చేతుల్లో, ఆ మొహంలో దిగిపోయాయి.

ముందు బెంచీ పిల్ల ఫక్కున నవ్వింది. తన నవ్వు ఎంత పెద్దదో ఆ పిల్లకు వినపడదు కదా, గది అద్దాలు గలగలమన్నాయి.

మాస్టారు ఉలిక్కిపడి ముందు తన ప్యాంటు వైపు చూసుకున్నాడు. అంతా సవ్యంగానే ఉంది. వెనక్కి తిరిగి బోర్డు చూశాడు. అక్కడ నవ్వొచ్చేదేమీ లేదు. అప్పుడు ఆయన మొహంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి తన పాఠానికి ఒకరు నవ్వారు.

ఆ రోజు నుంచి మాస్టారు ఆ పిల్ల వైపు చూసే పాఠం చెప్పేవాడు. ఆ పిల్ల నవ్వేది, ఆయన మెడ నిటారుగా నిలబెట్టుకునేవాడు. చొక్కా కూడా ఇస్త్రీదే వేసుకొచ్చేవాడు. ఆయన మెడ ఎంత లేస్తే చేతులక్క చేతులు అంత చెలరేగిపోయేవి. పిన్ని అయిపోయింది, గొడుగు మరిచిపోయే మావయ్య వచ్చాడు, ఒకే జోడు చెప్పుల కోసం కొట్టుకునే వదినా మరదళ్ళు వచ్చారు. ఆ పిల్ల రెప్ప వేయడం మానేసింది. దానితోపాటు స్టాటిస్టిక్స్ కూడా ఒంటపట్టించుకుంది, కాకపోతే వీధి మొత్తంతో కలిపి.

కాలేజీలో చిన్న పరీక్ష పెట్టారు. సగటు గురించి ఉదాహరణతో రాయమంటే ముందు బెంచీ పిల్ల, "ఏముంది, మాస్టారు చెప్పారు కదా" అని పిన్నిని దించేసింది. పేపరు దిద్దుతూ మాస్టారు అక్కడ ఆగిపోయాడు. "మాస్టారు చెప్పినట్టు, వంద అబద్ధాలు ఆడే పిన్ని" అని ఉంది. తను ఎప్పుడు చెప్పాడో గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ళుగా బోర్డుకు చెప్పిన మనిషి, తను ఏమేమి అన్నాడో తనకే తెలియదు. చదివినకొద్దీ బాగుంది. చివరికి, "చెప్పే ఉంటాను, నాకు కాక ఇంకెవరికి తడుతుంది ఇంత మంచి మాట" అనుకుని పూర్తి మార్కులు వేశాడు.

మర్నాడు క్లాసులో గొంతు సవరించుకుని, "నేను ఇదివరకు చెప్పినట్టు, ఒక వీధిలో ఒక పిన్ని గారు ఉన్నారు. ఆ పిన్ని గారి అబద్ధాల విలువ వంద. మిగతావారి విలువ ఒక్కొక్కటి. కనుక సగటు పెరుగును" అన్నాడు. తేనెను తెచ్చి బోర్డు మీద సుద్దతో రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎవరూ నవ్వలేదు. చేతులక్కకు తన జోకునే తను మళ్ళీ అనువాదం చేయాల్సి వచ్చింది, అదీ చచ్చిన జోకు. ముందు బెంచీ పిల్ల జాలిగా చూసి సైగ చేసింది. "అక్కా, నువ్వు చెప్పినప్పుడే బతికుంది పాపం."

ఆ క్లాసులో చేతులక్క వీధి పిల్లాడొకడున్నాడు. వాడు సాయంత్రానికల్లా ఆ మాటను మోసుకెళ్ళి పిన్ని గుమ్మంలో దించాడు. పిన్ని చెప్పులేసుకోవడం కూడా మరిచి వచ్చి దుకాణంలో నిలబడింది.

"ఏమే, నేను వంద అబద్ధాలాడతానని కాలేజీలో పాఠం పెట్టించావటగా?"

"నీ పేరు ఎవరన్నారు పిన్నీ?"

"పేరెందుకే? వంద అబద్ధాలాడే పిన్ని అంటే ఈ చుట్టుపక్కల నేను కాక ఇంకెవరే ఉంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. మిషను మీంచి అమ్మ తలెత్తి, ఏమైందని చేతులతో అడిగింది. చేతులక్కకు పాత అలవాటు ఎక్కడికి పోతుంది? "మొన్న నువ్వు కుట్టింది చంకల్లో బిగువుగా ఉందట" అని చెప్పేసింది. అమ్మ పాపం అనుకుంటూ టేపు తీసుకొచ్చి, అరుస్తున్న పిన్ని చేయి పైకెత్తి చంక కొలవడం మొదలుపెట్టింది.

"వదిలిపెట్టమను మీ అమ్మని. నేను ఏడుస్తుంటే కొలతలేంటే నాకు?"

"ఇంత కోపంగా ఉందంటే ఎంత బిగువుగా కుట్టానో" అని అమ్మ సైగ చేసి ఇంకో చెయ్యి కూడా ఎత్తింది.

పిన్ని మర్నాడు ఏకంగా సదుపాయాల మేడం గదికి పోయింది. నా అబద్ధాలు లెక్కపెట్టడానికి మీకు ఎవరిచ్చారు హక్కు అంది. లెక్కపెట్టినా సరిగ్గా లెక్కపెట్టాలి గానీ వంద అని ఎలా తేల్చారు అని కూడా అంది. మేడం ఆవిడను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి పంపించి, మాస్టారిని పిలిపించింది.

"పిన్ని ఉదాహరణ మీదేనా మాస్టారూ?"

"నాదేనండీ. పిల్లలకు బాగా ఎక్కింది" అన్నాడాయన, ఇంకా మెడ దించకుండానే.

"ఆ పిన్ని చేతులక్కకు సొంత పిన్ని. మీకెలా తెలుసు ఆవిడ?"

మాస్టారి మెడ అప్పుడు దిగింది. మేడం ఇంకేమీ అడగలేదు. మరుసటి వారం పక్క కాలేజీ నుంచి సైగలు బాగా తెలిసిన ఒకాయన్ను పిలిపిస్తున్నానని, ఆయనతో కలిసి తను వెనక బెంచీలో కూర్చుంటానని మాత్రం చెప్పింది. కలిపి చెబుతోందని తేలితే చేతులక్క ఉద్యోగం ఊడుతుంది. చేతులక్క పోతే ఇంకో మనిషి దొరికేసరికి పరీక్షలైపోతాయి. ముందు బెంచీ పిల్ల సంగతి అంతే.

ఆ సాయంత్రం ఖాళీ క్లాసులో బోర్డు తుడుస్తున్న మాస్టారు, చేతులక్క లోపలికి రాగానే అటు తిరిగే అడిగాడు.

"పిన్ని సంగతి నేను ఎప్పుడు చెప్పానమ్మా?"

చేతులక్క తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"గొడుగు మావయ్య?"

ఆవిడ చేతులు రెండూ వీపు వెనక్కి పోయాయి.

"చెప్పుల వదినామరదళ్ళు కూడా నావి కాదన్నమాట. ఆ పిల్ల నవ్విన నవ్వుల్లో నావి ఏవైనా ఉన్నాయా అమ్మా?"

పుట్టినప్పటినుంచి అందరి మాటల్లోనూ పంచదార కలిపిన మనిషికి ఆ క్షణాన ఒక్క పలుకు పంచదార దొరకలేదు. చాలాసేపు వెతికి, "ఒకసారి సుద్దముక్క మీ కాఫీలో పడింది కదా సార్, చూడకుండా తాగేశారు. ఆ నవ్వు మీదే" అంది.

మాస్టారు బోర్డు తుడవడం ఆపాడు. "ఇంట్లో చెప్పుకున్నానమ్మా, నా పాఠానికి ఒక పిల్ల నవ్వుతుందని" అన్నాడు. ఇంకేమీ అనకుండా డస్టరు చేతిలోనే పట్టుకుని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మేడం వచ్చి చూసే రోజు రానే వచ్చింది. వెనక బెంచీలో మేడం, ఆవిడ పక్కన కళ్ళద్దాల సైగలాయన. ఆయన కళ్ళద్దాలు ఎంత మందమంటే వాటిలోంచి చూస్తే గోడ అవతల దోమ చేసే సైగ కూడా కనపడుతుందట. మాస్టారు వచ్చి చేతులక్క వైపు చూడలేదు. ఆవిడ నమస్కారం పెట్టినా చూడలేదు. ముందు బెంచీ పిల్లకు అన్నీ తెలుసు, రాత్రే ఒట్టేసింది, ఈ ఒక్కరోజు రెప్ప వేయనని.

ఆ రోజు పాఠం స్టాండర్డ్ డీవియేషన్. ఒక్కొక్కటీ సగటు నుంచి ఎంత దూరం పోయిందో లెక్కకట్టడం. మాస్టారు అలవాటుగా, "ప్రతి విలువ నుంచి సగటును తీసివేసి, వచ్చిన దానిని వర్గము చేసి" అని మొదలుపెట్టాడు. చేతులక్క అన్నది అన్నట్టే చెప్పింది. పొరపాటున ఒక వేలు కూడా ఎక్కువ కదలలేదు. ఆవిడ మొహం చూస్తే సిమెంటు పూసినట్టుంది.

కాసేపటికి ముందు బెంచీ పిల్ల గిల్లుకోవడం మొదలుపెట్టింది. ఇంకాసేపటికి పెన్నుతో పొడుచుకుంది. ఎడమ రెప్ప దిగింది. చేతులక్క కాలితో నేల మీద దబ్బున తన్నింది, ఆ అదురు బెంచీలోంచి తగిలి ఆ పిల్ల లేచింది, మళ్ళీ వాలింది. వెనకనుంచి మేడం తల పక్కకు వంచి చూస్తోంది. సైగల మనిషిని పెట్టినా పిల్ల నిద్రపోతోందంటే ఇంక ఈ సదుపాయం దండగని రాసెయ్యడానికి ఎంతసేపు? కలిపితే ఉద్యోగం పోతుంది, కలపకపోతే పిల్ల పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కుడి రెప్ప కూడా దిగుతుండగా చేతులక్క చేతులు వాటంతట అవే లేచాయి. బస్‌స్టాపు కట్టాయి. కప్పు కింద జనాన్ని గుంపుగా నిలబెట్టాయి. ఒక్క మనిషి మాత్రం దూరంగా, ఎండలో, గడ్డం నిమురుకుంటూ, ఏదో నములుతూ నిలబడ్డాడు. ఆ సమయానికి మాస్టారి నోరు "వర్గమూలము" దగ్గర ఉంది.

ముందు బెంచీ పిల్ల రెండు కళ్ళూ తెరిచింది. కళ్ళద్దాలాయన మేడం వైపు వంగి, "బస్‌స్టాపు ఎక్కడినుంచి వచ్చింది?" అన్నాడు. చేతులక్క చెయ్యి, తనకు లేని గడ్డం మీద అలాగే ఆగిపోయింది.

మాస్టారు కూడా ఆగిపోయాడు. ఆవిడ చెయ్యి చూశాడు. ముందు బెంచీ పిల్ల కళ్ళు చూశాడు. ఒక్కమాట అంటే చాలు, అమ్మా నేను అది అనలేదు అంటే చాలు, అంతా తేలిపోతుంది. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ఉదాహరణకు" అన్నాడు. ముప్పై ఏళ్ళలో పుస్తకంలో లేని చోట ఆయన ఆ మాట అనడం అదే మొదలు. "ఉదాహరణకు, ఒక మంద ఉంది. మేకల మంద. అన్నీ ఒకచోట మేస్తున్నాయి. ఒక్క మేక మాత్రం దూరంగా పోయి, నములుతూ నిలబడింది."

ఆ గడ్డం, ఆ నమలడం చూసి ఆయన మేక అనుకున్నాడు. చేతులక్క ఇంకేం చేస్తుంది? అన్నది వదలకూడదు కదా. గబగబా ఆ మనిషికి కొమ్ములు పెట్టింది. బస్సు కోసం నిలబడ్డ జనమందరికీ కొమ్ములు పెట్టింది. బస్‌స్టాపు కప్పు పీకేసి గడ్డి పరిచింది. ముందు బెంచీ పిల్ల నోరెళ్ళబెట్టి ఒక ప్రశ్న వేసింది. ఆ పిల్ల అడిగింది కూడా వదలకుండా చెప్పాలి, అది మేడం పెట్టిన రూలే.

చేతులక్క పైకి చెప్పింది. "బస్సెక్కేవాళ్ళకు కొమ్ములెందుకు వచ్చాయని అడుగుతోంది సార్."

మాస్టారు ఆ పిల్ల వైపు చూశాడు.

"బస్సు లేటయితే ఎవరికైనా వస్తాయమ్మా" అన్నాడు.

క్లాసు క్లాసంతా పడీ పడీ నవ్వింది. బల్లల మీద గుద్దారు, వెనక ఒకడు బెంచీతో సహా వెనక్కి పడ్డాడు. ముందు బెంచీ పిల్లకు ఆ మాట చేతుల్లోంచి అందేసరికి ఒక్క క్షణం ఆలస్యమై, అందరి నవ్వూ అయిపోయాక ఆ పిల్ల నవ్వు మోగింది. దాంతో మళ్ళీ అందరూ మొదలుపెట్టారు. మాస్టారు ఆ ఊపులో మందను పట్టుకుని వదల్లేదు. ఏ మేక ఎంత దూరం పోయింది, ఆ దూరాలన్నీ కలిపితే మంద ఎంత చెదిరినట్టు అని గంట మోగేదాకా చెప్పాడు. కళ్ళద్దాలాయన అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు, మేడం చూడగానే పెట్టేసుకున్నాడు.

తర్వాత ఆ నలుగురూ మేడం గదిలో నిలబడ్డారు.

"మాస్టారూ, మీరు మేక అనకముందే ఈవిడ చేతులు లేచాయి" అంది మేడం.

"ముప్పై ఏళ్ళుగా ఒకటే పాఠం చెబుతున్నానండీ. తర్వాత ఏమంటానో ఆ గోడలు కూడా చెప్పేస్తాయి. ఈవిడ చెప్పడంలో వింతేముంది?"

"ముందు మనిషి సార్, తర్వాత మేక అయ్యాడు" అన్నాడు కళ్ళద్దాలాయన.

"నేను కూడా ముందు మనిషనే అనుకున్నానండీ. నోటిదాకా వచ్చేసరికి మేకైంది."

"ముప్పై ఏళ్ళుగా అదే పాఠమైతే, ఈ మేక ఏ పుస్తకంలో ఉంది?" అంది మేడం.

"పుస్తకంలో లేదండీ. అందుకే చెప్పడం మరిచిపోతుంటాను."

మేడం ముందు బెంచీ పిల్ల వైపు తిరిగి, నువ్వేమంటావని అడిగింది. చేతులక్క చేతులెత్తబోతే ఆపి, కళ్ళద్దాలాయన్ను చెప్పమంది. ఆ పిల్ల చేతులు గిరగిరా తిరిగాయి. కళ్ళద్దాలాయన నెమ్మదిగా చెప్పాడు.

"నేను పరీక్ష పాసవ్వాలా, ఆ మేక ఎవరిదో తేల్చాలా అంటోందండీ. నాకు రెండిట్లో ఒక్కదానికే టైముంది అంటోంది."

మేడం నలుగురినీ ఒకసారి చూసింది. "ఇకమీదట చేతులు నోటి వెనకే నడవాలి. మేకైనా సరే, మనిషైనా సరే" అని చేతులక్కతో అంది. మాస్టారితో, "ఆ ఉదాహరణకు అన్న మాట ఇకమీదట వారానికొకసారైనా అంటూ ఉండండి" అంది. బయటికొచ్చాక చేతులక్క ఏదో అనబోతే మాస్టారు అడ్డుకున్నాడు. "ఆ పిల్ల కళ్ళు మూసేస్తే, నాకు మళ్ళీ బోర్డుకు చెబుతున్నట్టే ఉందమ్మా" అని, ఆగకుండా నడిచిపోయాడు.

ఆ తర్వాత మాస్టారు ఉదాహరణలు మొదలుపెట్టాడు. పదింటిలో ఎనిమిది చప్పగా ఉంటాయి. అవి చప్పగానే చేతుల్లోకి వెళతాయని, చేతులక్క ఇప్పుడు ఉప్పు కాదు కదా గాలి కూడా కలపదని అంటారు. మిగిలిన రెండింటికి మాత్రం పక్క క్లాసు వాళ్ళు కిటికీల్లో వేలాడతారట. ముందు బెంచీ పిల్ల ఆ పేపరు పాసైంది. ఎన్ని మార్కులంటే, పిన్ని చెప్పిన లెక్క ప్రకారం నూటికి నూట ఇరవై.

ఈ కథంతా ఎదురుగా పెట్టి అడిగితే చేతులక్క మిషనుకు దారం ఎక్కిస్తూ ఒక్కమాటలో కొట్టిపారేస్తుంది.

"ఏ మేకా లేదు, ఏ బస్‌స్టాపూ లేదు. మా పిన్నిని నేను ఏ క్లాసుకూ తీసుకెళ్ళలేదు. ఆ మాస్టారు మొదటినుంచీ సరదా మనిషే. చెవులుండి కూడా మీకు వినపడకపోతే నేనేం చేయను?"